కావేరి మహసీర్, గాలపు వేటగాళ్ల సంఘం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు కేంద్రంగా 1972లో మొదలైన దక్షిణ భారత వన్యప్రాణి సంఘం గురించీ, ఆ సంఘం కాపాడుకుంటూ వచ్చిన కావేరి నది పాయ గురించీ, ఆ నీటిలో బతికే మహసీర్ చేప గురించీ మిత్రులు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. కొన్ని సమాధానాలు పొడుగ్గా ఉంటాయి. ఈ చేప కథను కుదించి చెప్పిన ప్రతిసారీ దానికి అన్యాయమే జరిగిందన్నది నా అభిప్రాయం.

ఈ సంఘం ఎలాంటిది? వన్యప్రాణి సంఘానికీ గాలానికీ ఏమిటి సంబంధం?

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాలలో దక్షిణాదిన అడవినీ నదినీ దగ్గరగా ఎరిగినవారిలో చాలామంది తుపాకీ పట్టినవారో గాలం పట్టినవారో అయ్యుండేవారు. వేటలో తిరిగినవారికే జంతువులు తగ్గిపోతున్న సంగతి అందరికంటే ముందుగా తెలిసింది. 1972లో దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, తుపాకీ వేటకు కాలం చెల్లింది. సరిగ్గా అదే ఏడాది ఈ సంఘం ఏర్పడింది. అప్పటికి రాష్ట్రం పేరు కూడా ఇంకా మైసూరే. కర్ణాటక అన్న పేరు 1973లో వచ్చింది. సంఘం సభ్యులలో గాలం వేసేవారు ఎక్కువ కాబట్టి వారి దృష్టి సహజంగానే కావేరి మీద పడింది. మత్స్యశాఖ నుంచి నదిలో కొంత పాయకు చేపల హక్కును లీజుకు తీసుకొని, ఆ పాయలో వలలనూ మందుగుండునూ అడ్డుకొని, గాలం వేసేవారికి మాత్రమే అనుమతి ఇవ్వడం వారు ఎంచుకున్న పద్ధతి.

నదిలో ఏ భాగం అది?

తలకావేరిలో పుట్టిన నది మైసూరు మైదానాన్ని దాటి శివనసముద్ర వద్ద జలపాతాలుగా దూకుతుంది. అక్కడి నుంచి మేకెదాటు దాకా నది అడవి కొండల మధ్య, బండలను ఒరుసుకుంటూ, ఒకచోట నురగలు కక్కుతూ మరోచోట లోతైన మడుగులుగా నిలుస్తూ పోతుంది. దారిలో శింషా, సంగమ వద్ద అర్కావతి వచ్చి కలుస్తాయి. మేకెదాటు అన్న పేరును తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు. మేక దూకి దాటగలిగినంత ఇరుకుగా నది అక్కడ రాతిలో ఒదిగిపోతుంది. భీమేశ్వరి, దొడ్డమక్కళి, గాలిబోరె అనే మూడు శిబిరాల పేర్లు గాలపు వేటగాళ్ల లోకంలో ఖండాంతరాలలో వినిపించింది ఈ పాయ వల్లనే. ఆ శిబిరాలను కర్ణాటక ప్రభుత్వానికి చెందిన జంగిల్ లాడ్జెస్ సంస్థ నడిపింది.

వేగంగా పారే నీరు, వెంటనే లోతైన మడుగు, అడుగున బండలు: మహసీర్‌కు ఈ మూడూ కావాలి. కావేరి మధ్యభాగంలో ఇవి మైళ్ల తరబడి వరసగా దొరుకుతాయి.

ఇక్కడ గాలపు వేట ఎప్పటి నుంచి ఉంది?

ఒడ్డున ఉన్న పల్లెల్లో గాలం, వల, మావు ఎప్పటి నుంచో ఉన్నవే. ఆ పల్లెవారు ఈ చేపను బిళిమీను అంటారు, అంటే తెల్ల చేప. సరదా కోసం కర్రా రీలూ పట్టుకొని ఒక్క చేప కోసం రోజంతా కూర్చోవడం మాత్రం ఆంగ్లేయ అధికారులతో వచ్చిన అలవాటు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివాన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేట మీద ఒక గ్రంథం ప్రచురించి, తమ దేశంలో తాము గొప్పగా చెప్పుకునే సాల్మన్ కంటే మహసీర్ గట్టిగా పోరాడుతుందని వాదించాడు. అప్పటి నుంచి దక్షిణ నదులకు వచ్చే దొరలు పెట్టెలో పులి తుపాకీతో పాటు చేపల కర్ర కూడా సర్దుకున్నారు. 1897లో వచ్చిన భారత మత్స్య చట్టం నీటిలో మందుగుండు పేల్చి గానీ విషం కలిపి గానీ చేపలు పట్టడాన్ని నేరం చేసింది. నూట పాతికేళ్లు దాటినా ఆ రెండు నేరాలూ ఇంకా ఆగలేదని ఇక్కడే చెప్పుకోవాలి.

120 పౌండ్ల చేప దొరికిందంటారు. అది నిజమేనా?

నిజమే. 1946లో కావేరి ఉపనది కబినిలో, మైసూరులో జంతు చర్మాలను శుద్ధి చేసి బొమ్మలుగా నిలిపే వృత్తిలో పేరుపొందిన వాన్ ఇంగెన్ కుటుంబానికి చెందిన వ్యక్తి 120 పౌండ్ల మహసీర్‌ను గాలంతో పట్టాడు. మన లెక్కలో 54 కిలోలు. అంతకు ముందు, 1919లో, మేజర్ రివెట్ కార్నాక్ అనే సైనికాధికారి కావేరిలో 119 పౌండ్ల చేపను పట్టాడు. ఒక్క పౌండు తేడా దాటడానికి 27 ఏళ్లు పట్టింది.

యాభై కిలోల బియ్యం బస్తాను భుజాన మోసినవారికి ఈ బరువు ఏమిటో తెలుస్తుంది. ఆ బరువంతా కండే, పైగా ఆ కండ అంతా వడిగా పారే నీటికి ఎదురీదడానికి పెరిగినదే. పొలుసులు అరచేతి వెడల్పు ఉంటాయి. ముఖ్యంగా ఆ పెద్ద చేపలన్నింటికీ తల వెనుక, వీపు రెక్క మొదలయ్యేలోపు, ఎద్దు మూపురంలా ఎత్తుగా ఉంటుంది. దీన్నే మూపురపు మహసీర్ అంటున్నాము. ఆ పాత ఛాయాచిత్రాలను చూసినవారు బరువును మెచ్చుకున్నారు గాని ఆ మూపురాన్ని గురించి చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు. దాని ఫలితం ఏమిటో కింద చెబుతాను.

అంత పేరున్న చేప 1970ల నాటికి లేదని ఎందుకు అనుకున్నారు?

ఒకటి, పట్టేవారు వెళ్లిపోయారు. 1947 తర్వాత విదేశీ వేటగాళ్ల రాక తగ్గి, వారి పత్రికల్లో కావేరి కబుర్లు ఆగిపోయాయి. చేప గురించి రాసేవారు లేకపోవడాన్ని చేపే లేకపోవడంగా బయటివారు అర్థం చేసుకున్నారు. రెండవది అంతకంటే బరువైన కారణం. ఈ చేప వానాకాలపు వరదలో ఎగువకు ఈది, గులకరాళ్ల మీద పారే శుభ్రమైన నీటిలో గుడ్లు పెడుతుంది. 1902లో శివనసముద్ర వద్ద జలవిద్యుత్తు మొదలై కోలారు బంగారు గనులకు వెలుగు వెళ్లింది. 1930ల మొదట్లో కృష్ణరాజసాగరం పూర్తయింది. 1934లో దిగువన మెట్టూరు ఆనకట్ట, 1974లో కబిని ఆనకట్ట వచ్చాయి. ఒక్కొక్క ఆనకట్ట నదిని ఒక్కొక్క గదిగా విడగొట్టింది. ఎగువకు పోవలసిన చేప గోడ దగ్గర ఆగిపోయింది. ఇవన్నీ కట్టకూడనివని నేను అనడం లేదు, మండ్య చెరకు తోటలు ఆ నీటితోనే పచ్చగా ఉన్నాయి. వాటి ఖర్చులో చేప వాటా కూడా ఉందని మాత్రం లెక్కలో రాసుకోవాలి.

1977-78 ప్రాంతంలో ముగ్గురు బ్రిటిష్ యువకులు పాత కథలను నమ్ముకొని వచ్చి ఇక్కడ గాలాలు వేశారు. పెద్ద చేపలు ఇంకా ఉన్నాయని వారి యాత్రతో మళ్లీ లోకానికి తెలిసింది. సంఘం అప్పటికే కొన్నేళ్లుగా ఆ పాయను కాపాడుతూ వచ్చింది.

సంఘం నిజంగా ఏం కాపాడింది? చేపలు పట్టేవారే చేపలను కాపాడారంటే నమ్మడం ఎలా?

ఈ అనుమానం న్యాయమైనదే, దీనికి నింపాదిగా జవాబు చెప్పాలి. నదిలో మహసీర్‌ను చంపేది ప్రధానంగా మందుగుండు. ఎండాకాలంలో నీరు తగ్గి పెద్ద చేపలన్నీ మడుగుల్లో చేరినప్పుడు, ఒక్క తోటా ఆ మడుగును ఖాళీ చేస్తుంది. పైకి తేలిన వాటిలో సంతకు వెళ్లేవి కొన్నే, అడుగుకు మునిగి కుళ్లిపోయేవి ఎక్కువ, గుడ్లూ పిల్లలూ అయితే లెక్కలోకే రావు. ఇరవై, ముప్పై ఏళ్లు బతికి పెరిగిన చేపకు బదులు రావాలంటే మళ్లీ అన్నేళ్లు కావాలి.

దీన్ని ఆపడానికి రాత్రిపూట నది ఒడ్డున మనిషి ఉండాలి. చట్టం పుస్తకంలో ఉంటుంది, మడుగు అడవిలో ఉంటుంది. వేటగాళ్లు కట్టిన రుసుముతో సంఘమూ శిబిరాలూ కాపలాదారులను పెట్టాయి, వారి కోసం ఒడ్డున మకాములు వేశాయి. ఆ కాపలాదారులు, గైడ్లు ఎక్కడి నుంచి వచ్చారన్నది ఈ కథలో నాకు బాగా నచ్చిన విషయం. ఒడ్డు పల్లెల్లో దొంగచాటుగా చేపలు పట్టినవారే వారిలో చాలామంది. ఏ మడుగులో ఏ బండ కింద చేప ఉంటుందో వారికి తెలుసు. ఏ దారిన తోటాలు వస్తాయో కూడా వారికే తెలుసు. బతికున్న చేప మీద నెలనెలా జీతం వస్తున్నప్పుడు, చచ్చిన చేపను కిలోల లెక్కన అమ్ముకోవడానికి వారు ఒప్పుకోలేదు.

పట్టిన చేపను మళ్లీ వదిలేయడం ఏమిటి? అది చేపను హింసించడం కాదా?

గోదావరి జిల్లాల్లో పెరిగినవారికి ఈ పద్ధతి వింతగానే ఉంటుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఉన్న నేలలో చేప మీద ప్రేమంటే నాలుక మీద ప్రేమే. కావేరి శిబిరాల్లో నియమం వేరు: పట్టిన ప్రతి మహసీర్‌నూ తూచి, పుస్తకంలో రాసి, ఒక ఛాయాచిత్రం తీసి, నీటిలోకి వదలాలి.

చేపకు శ్రమ ఉండదని అనడం అబద్ధమవుతుంది. కావేరిలోనే నీలిరెక్కల మహసీర్ (బయటి నుంచి వచ్చిన మరో రకం, దాని కథ కింద ఉంది) మీద జరిగిన పరిశీలనలో, వదిలిన చేపల్లో వెంటనే చనిపోయేవి తక్కువేనని తేలింది గాని, పోరాటం ఎంత సాగితే చేప అంత అలసిపోతుందని కూడా తేలింది. పెద్ద చేపను లాగడానికి ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి, ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది కూడా పెద్ద చేపకే. పాత రోజుల్లో కింది పెదవికి తాడు గుచ్చి, చేప తేరుకునే దాకా, లేదా ఛాయాచిత్రం తీసేవాడు వచ్చే దాకా, ఒడ్డున నీటిలో కట్టి ఉంచేవారు. ఆ అలవాటు తప్పని నా అభిప్రాయం. చేపను నీటిలోనే పట్టుకొని, తలను వడికి ఎదురుగా ఉంచి, మొప్పలు స్థిమితంగా ఆడాక చేతులు వదలడమే మంచిది. అది తనంతట తాను తోక విదిల్చి పోవాలి. ఆ విదిలింపుకు ముఖం నిండా నీళ్లు పడతాయి.

ఎర ఏమిటి? ఎలా పట్టేవారు?

రాయలసీమ వారు ఈ జవాబుకు సంతోషిస్తారు. కావేరి మహసీర్‌కు పేరుపొందిన ఎర రాగి ముద్ద. రాగిపిండిని నీళ్లతో గట్టిగా పిసికి, ముద్దలు చేసి ఉడకబెట్టి, మళ్లీ పిసుకుతారు. సంకటిలా మెత్తగా ఉంటే పనికిరాదు, రబ్బరులా సాగాలి, లేకపోతే చిన్న చేపలు పొడిచి పొడిచి గాలాన్ని బోసి చేస్తాయి. వాసన కోసం సోంపు, మసాలా వంటివి కలిపేవారు, ఒక్కొక్క గైడుది ఒక్కొక్క పాళ్లు. నిమ్మకాయంత ముద్ద నుంచి బత్తాయంత ముద్ద దాకా గాలానికి గుచ్చుతారు. రాగి తర్వాత ఏటి పీతలు, చిన్న చేపలు, తళతళలాడే లోహపు స్పూన్లు వాడేవారు. మహసీర్ నోటిలో పళ్లు ఉండవు, గొంతులో ఉంటాయి. పీత డొప్పను నలిపేసే ఆ గొంతు పళ్ల మధ్య ఇనుప గాలం పడినా వంగిపోతుంది.

తంగూసు దారం లావుగా ఉండాలి, ఎందుకంటే నది అడుగు అంతా పదునైన బండలే. ముద్ద అడుగుకు చేరడానికి దారానికి సీసం చుడతారు. వానలు తగ్గి నీరు తేటపడిన డిసెంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. చేప గాలం మింగిన మరుక్షణం దిగువకు, సుడుల్లోకి పరుగెడుతుంది. రీలు మీద దారం అయిపోయేలోగా గైడు, వేటగాడు కలిసి పుట్టి ఎక్కి దాని వెంట పోవాలి. కృష్ణ, తుంగభద్ర ఒడ్డున మనం చూసే పుట్టి లాంటిదే అది, వెదురు అల్లి అడుగున తోలో పట్టానో కప్పిన గుండ్రని తెప్ప. తెడ్డు ఒక్కటే ఉంటుంది, దాన్ని పట్టిన చేయి నదిని చదివినదై ఉండాలి. గాలపు వేట ఘనతలో సగానికి పైగా ఆ చేతిదేనని నేను గట్టిగా నమ్ముతాను, పుస్తకాల్లో మాత్రం కర్ర పట్టినవారి పేర్లే మిగిలాయి.

శిబిరాల్లో రాసిన పుస్తకాల గురించి ఎందుకు అంతగా మాట్లాడతారు?

ఈ నదిలో చేపలు ఎన్ని ఉన్నాయని లెక్క కట్టడం సులభం కాదు. బండలు, సుడులు, మొసళ్లు ఉన్న నీటిలో వల వేసి నమూనా తీయడం కుదరదు. అలాంటిచోట గాలిబోరె శిబిరంలో ప్రతి వేటగాడు ఎన్ని గంటలు గాలం వేశాడు, ఎన్ని చేపలు పడ్డాయి, ఒక్కొక్కటి ఎంత తూగింది అని రాసి ఉంచిన పుస్తకాలే ఆధారమయ్యాయి. 1998 నుంచి 2012 దాకా ఆ పుస్తకాలను శాస్త్రవేత్తలు కూర్చగా మొత్తం 23,620 గంటల వేటలో 6,161 మహసీర్‌లు పడి, తిరిగి నీటిలోకి వెళ్లినట్టు తేలింది. వాటిలో అర కిలోకు లోపు పిల్ల నుంచి 46 కిలోలు దాటిన చేప దాకా ఉన్నాయి.

ఆ లెక్కలు మొదట సంతోషాన్నిచ్చాయి. ఏళ్లు గడిచేకొద్దీ గంటకు పడే చేపల సంఖ్య పెరిగింది, అంటే కాపలా ఫలించింది, పిల్లలు బతికి బయటపడుతున్నాయి. సగటు బరువు తగ్గడం కూడా చిన్న చేపలు ఎక్కువగా ఉండడం వల్ల కావచ్చునని అనుకోవచ్చు. తర్వాత వారు చేపల రంగును కూడా విడదీసి చూశారు. అక్కడ ఎవరూ ఊహించని సంగతి బయటపడింది: పెరుగుతున్నవి నీలిరెక్కల చేపలు. నారింజ, బంగారు రంగు రెక్కలతో, మూపురంతో ఉండే అసలు కావేరి చేప ఏటేటా తగ్గిపోతూ దాదాపు కనిపించకుండా పోయింది. నది నిండా మహసీర్‌లే ఉన్నాయని అందరూ సంతోషిస్తున్న కాలంలోనే, ఆ నదికి పేరు తెచ్చిన మహసీర్ జారిపోయింది.

నీలిరెక్కల చేప ఎక్కడి నుంచి వచ్చింది?

మన కృష్ణానది నుంచి. కల్నల్ సైక్స్ అనే ఆంగ్లేయుడు 1839లో పూణె దగ్గరి ములా ముఠా నదుల చేపను శాస్త్రీయంగా వర్ణించాడు. దాని నేటి శాస్త్రీయ నామం టార్ ఖుద్రీ. ఆ నదులు భీమలో, భీమ కృష్ణలో కలుస్తాయి. 1970లలో లోనావాలా దగ్గర టాటా విద్యుత్ సంస్థ చేపల కేంద్రంలో ఈ చేపకు కృత్రిమంగా గుడ్లు పెట్టించి పిల్లలను పెంచడంలో శాస్త్రవేత్తలు విజయం సాధించారు. మహసీర్ దేశమంతటా తగ్గిపోతున్న రోజుల్లో అది నిజంగా గొప్ప పని. ఆ పిల్లలను అనేక రాష్ట్రాలకు పంచారు, 1980ల నుంచి కావేరిలోనూ వదిలారు, ఆ తర్వాత కర్ణాటకలోనే హారంగి వంటి చోట్ల పిల్లల ఉత్పత్తి సాగింది.

వదిలినవారిలో ఎవరికీ దురుద్దేశం లేదు. తరిగిపోతున్న నదిని నింపుతున్నామని మత్స్యశాఖ, వేటగాళ్లు, దాతలు అందరూ నమ్మారు. మహసీర్ అంటే మహసీరే కదా అన్న ఒక్క ఊహ దగ్గర తప్పు జరిగింది. ఒంగోలు గిత్తల మందలో వేరే జాతి ఎద్దులను కలిపి, పశువుల సంఖ్య పెరిగిందని చెప్పుకుంటే రైతు ఒప్పుకుంటాడా? చేప విషయంలో మనం అదే ఒప్పుకున్నాము. నీలిరెక్కల చేప త్వరగా పెరిగింది, కొత్త నీటికి బాగా అలవాటు పడింది. అసలు చేప ఒక్క దాని వల్లనే తగ్గిందని చెప్పలేము, ఆనకట్టలూ మందుగుండూ ఇసుక తవ్వకమూ ముందే దాన్ని బలహీనపరిచాయి. ఆ నష్టాన్ని కంటికి కనిపించకుండా కప్పేసింది మాత్రం ఈ కొత్త చేపే.

అంత ప్రసిద్ధమైన చేపకు 2018 దాకా శాస్త్రీయ నామం లేకపోవడం ఎలా సాధ్యం?

నిజానికి దానికి పేర్లు ఎక్కువై ఇబ్బంది వచ్చింది. సైక్స్ వర్ణించిన మరో చేప ముస్సుల్లా పేరును చాలాకాలం దీనికి తగిలించారు. తీరా చూస్తే ఆ పేరు మహసీర్ ప్రజాతికే చెందని వేరే చేపదని తేలింది. ఇంకొందరు దీన్ని ఖుద్రీలోనే కలిపేశారు. ఈలోగా కేరళలో కావేరి ఉపనది వ్యవస్థకు చెందిన పాంబార్ నదిలో దొరికిన చిన్న చేపలను మధుసూదన కురుప్, రాధాకృష్ణన్ అనే శాస్త్రవేత్తలు కొత్త జాతిగా వర్ణించి, చేపల శాస్త్రవేత్త కె. రమాదేవి గౌరవార్థం టార్ రెమదేవి అని పేరు పెట్టారు. ఆ చిన్న చేపలే పెరిగితే 50 కిలోల మూపురపు మహసీర్ అవుతుందని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

2018లో భారతీయ, బ్రిటిష్ పరిశోధకులు కలిసి కావేరి కుటుంబానికే చెందిన మోయార్ నదిలో దొరికిన మూపురపు చేపల శరీర లక్షణాలనూ జన్యువులనూ పాంబార్ చేపతో పోల్చి రెండూ ఒకటేనని నిరూపించారు. అదే ఏడాది అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. పేరు లేని జాతిని ఏ జాబితాలోనూ చేర్చలేరు, ఏ నిధీ దానికి రాదు. థామస్ గ్రంథం వచ్చిన 145 ఏళ్లకు ఈ చేపకు తన పేరు దక్కింది.

2012లో గాలపు వేటను ఎందుకు ఆపేశారు?

ఈ నది పాయకు ఇరువైపులా ఉన్న అడవిని 1987లో కావేరి వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2013లో దాని విస్తీర్ణాన్ని దాదాపు రెట్టింపు చేసి వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటించారు. అభయారణ్యంలో వేట నిషిద్ధం. వదిలేసే పద్ధతిలోనైనా గాలం వేయడం వేటే అవుతుందన్న అభిప్రాయం బలపడి 2012లో అభయారణ్యం లోపల గాలాలు ఆగిపోయాయి. శిబిరాలు అడవిని చూడవచ్చే అతిథుల కోసం కొనసాగాయి.

ఆ నిషేధం మంచిదేనా?

ఒక జంతువుకు అభయారణ్యంలో అభయం, మరోదానికి గాలం అనడం న్యాయం కాదన్న వాదనను నేను గౌరవిస్తాను. అయినా నది విషయంలో నిషేధం వల్ల నష్టమే ఎక్కువ జరిగిందని నా అభిప్రాయం. వేటగాళ్ల రుసుముతో నడిచిన నీటి ఒడ్డు కాపలా తగ్గింది. గైడ్లలో కొందరికి బతుకుదెరువు పోయింది. 15 ఏళ్ల లెక్కల పుస్తకం ఒక్కసారిగా మూతపడింది; అసలు చేప ఎంత మిగిలిందో తెలుసుకోవలసిన అవసరం తీవ్రమైన సమయంలోనే కొలిచే చేతులు లేకుండా పోయాయి. గాలాలు ఆగితే తోటాలు కూడా ఆగుతాయని అనుకోవడానికి ఆధారం లేదు. నియమాలతో, పరిమితంగా, పరిశోధన కోసమైనా వేటగాళ్లను నది దగ్గర ఉండనిచ్చి ఉంటే బాగుండేది. శీతాకాలపు ఉదయం భీమేశ్వరి దగ్గర ఒడ్డున కూర్చున్నప్పుడు నీరు ఎంత అందంగా ఉన్నా, ఆ నీటి అడుగున ఏముందో రాసే పుస్తకం లేదన్న సంగతే నన్ను బాధిస్తుంది.

మూపురపు మహసీర్ ఇప్పుడు ఎక్కడైనా మిగిలిందా?

మిగిలింది. నీలగిరి పర్వతాల ఉత్తరపు అంచున లోతైన లోయలో పారి భవానిలో కలిసే మోయార్ నదిలో ఈ చేప ఇంకా ఉంది. పులులూ ఏనుగులూ తిరిగే ముదుమలై, సత్యమంగళం అడవుల మధ్య మనుషులు సులభంగా పోలేని నది కావడమే దాన్ని కాపాడింది. కేరళలోని పాంబార్‌లో కొద్దిపాటి సంతతి ఉంది. ఈ నదులన్నీ కావేరి కుటుంబానివే, ప్రపంచంలో మరెక్కడా ఈ చేప లేదు.

తెలుగు నేలకు మహసీర్‌తో సంబంధం ఉందా?

పైన చెప్పిన కృష్ణ సంబంధం ఒకటి. రెండవది చాలామంది తెలుగువారు తమకు తెలియకుండానే చూసినది. శృంగేరి వెళ్లి, అమ్మవారి దర్శనం చేసుకొని, తుంగ మెట్ల మీద నిలబడి పెద్ద పెద్ద చేపలకు బొరుగులు వేసినవారు మహసీర్‌లకే వేశారు. గుడి ముందు వాటిని ఎవరూ పట్టరు, అందుకే అవి మనిషి నీడకు బెదరవు. ఆ తుంగే తుంగభద్ర అయి కర్నూలు మీదుగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. కావేరి మీద కూడా హాసన్ జిల్లా రామనాథపురలో గుడి రేవులోని చేపలకు ఇలాంటి రక్షణే ఉంది. సంఘం లీజు తీసుకోవడానికి ఎన్నో తరాల ముందే ఒక నది పాయను చేపల కోసం విడిచిపెట్టడం మన పూర్వులకు తెలుసు.

ఇప్పుడు కావేరిలో గాలం వేయవచ్చా?

అభయారణ్యం లోపల వేయకూడదు. వెలుపల అయితే ఆ పాయ హక్కు ఎవరిదో కనుక్కొని రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఎగువన కొడగులో వాల్నూర్ దగ్గర కొడగు వన్యప్రాణి సంఘం ఇలాగే నది పాయను లీజుకు తీసుకొని పట్టి వదిలే వేటను నడిపింది. వెళ్లేముందు అప్పటి నియమాలు ఏమిటో మత్స్యశాఖనూ అటవీశాఖనూ అడగండి. గైడు మాట మీద ఆధారపడి అడవిలోకి దిగకండి.

మా తాతగారు పట్టిన చేప పాత ఛాయాచిత్రం ఇంట్లో ఉంది. అది ఎవరికైనా పనికొస్తుందా?

తప్పకుండా పనికొస్తుంది. ఏ కాలంలో ఏ చేప ఏ మడుగులో ఉండేదో తేల్చడానికి పాత బొమ్మలు, వేట డైరీలు, గోడకు తగిలించిన ఎండు తలలు కూడా ఆధారాలే. నీలిరెక్కల చేపను నదిలో వదలకముందు, అంటే 1980కి ముందు, తీసినది అయితే మరీ విలువైనది. బొమ్మను శుభ్రం చేయాలని రుద్దకండి. వెనుక రాసి ఉన్న తేదీ, ఊరు, బరువు కూడా కనిపించేలా రెండు వైపులా స్కాన్ చేయించి, ఇంట్లో పెద్దవారు బతికి ఉంటే ఆ చేప ఎక్కడ పడిందో, ఎరగా ఏం వేశారో, పుట్టి నడిపిన మనిషిది ఏ ఊరో అడిగి పక్కన రాసి పెట్టండి. చేప వీపు వంపు, రెక్కల రంగు కనిపిస్తే చాలు, మిగతాది చేపల శాస్త్రవేత్తలు చదవగలరు.